ఇంటి గుట్టు, బిడ్డ గోడు

"ఎవరికీ చెప్పనని మాట ఇస్తే మీకో సంగతి చెబుతాను" అని ఒక పసిబిడ్డ మనలను అడిగితే ఏమని జవాబు చెప్పాలి? చూడడానికి ఇది చిన్న ప్రశ్నే. ఆదివారం సత్యోపదేశం చెప్పే టీచరమ్మకు, హాస్టలు వార్డెనుకు, ట్యూషను చెప్పే అన్నయ్యకు, పక్కింటి పిన్నికి ఏదో ఒకనాడు ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. మనలో చాలామంది రెండో ఆలోచన లేకుండా తలూపుతాం. "చెప్పనులే తల్లీ, చెప్పు" అంటాం. ఆ తర్వాత బిడ్డ చెప్పింది పోయిన పెన్సిలు సంగతి కాక, ఇంట్లోనో బడిలోనో ఒక పెద్దమనిషి తన ఒంటిపై చేస్తున్న దౌర్జన్యం గురించి అయితే? ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా, తప్పాలా?

అత్యాచారానికి గురైన పిల్లలకు, వారి కుటుంబాలకు తోడుగా నిలవాలన్న మంచి కోరిక మన విచారణలలో పలువురికి ఉన్నది. యువత అడుగుతారు, స్త్రీల సంఘాల వారు అడుగుతారు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు అడుగుతారు. అయితే ఈ సేవ అన్నదానం వంటిది కాదు, రక్తదానం వంటిది కాదు. ఇక్కడ మంచి మనసు ఒక్కటే చాలదు. మంచి మనసుతోనే బిడ్డకు మరో గాయం చేసే ప్రమాదం ఉన్నది. కావున సేవకు బయలుదేరే ముందు ఆ చిన్న ప్రశ్నను నిదానంగా విచారించడం మంచిది.

ముందుగా ఒక సంగతి గుర్తుచేసుకుందాం. 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ పిల్లలపై జరిగే హింస గురించి ఒక పెద్ద అధ్యయనాన్ని ప్రకటించింది. 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను పలకరించారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఒకటి. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురయ్యామని చెప్పినవారు 53.22 శాతం. వారిలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవారిలో సగంమంది బిడ్డకు తెలిసినవారు, బిడ్డ నమ్మదగిన స్థానంలో ఉన్నవారు. జరిగినది ఎవరికీ చెప్పుకోని పిల్లలే ఎక్కువమంది. ఇవి సుమారు ఇరవై ఏళ్ల కిందటి లెక్కలు. అయినా ఒక భ్రమను అవి శాశ్వతంగా చెరిపివేశాయి. ఈ పాపం చీకటి సందులో దాక్కున్న అపరిచితుడి పని అనీ, ఆడపిల్లలకు మాత్రమే సంబంధించినదనీ ఇక అనుకోవడానికి వీలులేదు. వీధి తలుపు గట్టిగా వేసుకుంటే ఆగే దొంగ కాదితడు. చాలాసార్లు తలుపుకు ఇవతలే ఉంటాడు.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. మాట ఇవ్వవచ్చునన్నవారి వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. బిడ్డ ఎంతో భయంతో, ఎన్నో రోజులు తటపటాయించి నోరు విప్పుతున్నది. మాట ఇవ్వకపోతే మళ్లీ మూసుకుపోతుంది. తన బాధ తనది, దానిని ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తనకు ఉండవద్దా? ఒకసారి ఆమె ఇష్టానికి విరుద్ధంగా జరిగినది, మనం కూడా ఆమె ఇష్టానికి విరుద్ధంగా నడవాలా? పైగా బయటపడితే పోలీసులు, కోర్టు, పత్రికలు, బంధువుల ఎత్తిపొడుపులు. ఇవన్నీ బిడ్డ మీద పడతాయి. కావున మాట ఇచ్చి, విని, ఓదార్చి, ప్రార్థించి పంపడమే దయ గల పని కాదా అని వారు అడుగుతారు.

ఈ మాటలలో ప్రేమ ఉన్నది. అయినా ఒక సంగతి మరుగున పడుతున్నది. "ఎవరికీ చెప్పకు" అన్న మాట ఆ బిడ్డకు కొత్తది కాదు. దౌర్జన్యం చేసినవాడు మొట్టమొదట నేర్పిన పాఠం అదే. "ఇది మనిద్దరి మధ్య రహస్యం, చెబితే అమ్మ చచ్చిపోతుంది, నాన్న నిన్ను కొడతాడు, నిన్నెవరూ నమ్మరు." రహస్యమే అతని ఆయుధం, రహస్యమే అతని కోట. మనం కూడా రహస్యానికి మాట ఇస్తే, తెలియకుండానే ఆ కోటకు మరో తాళం వేసినవాళ్లమవుతాం. అతను మరునాడు మళ్లీ ఆ బిడ్డ దగ్గరకు వస్తాడు. ఆమె చెల్లెలి దగ్గరకూ వస్తాడు. మన ఓదార్పు అతనిని ఆపదు.

రెండవది, ఆ మాట మనం నిలబెట్టుకోలేము. 2012లో పార్లమెంటు చేసి, అదే సంవత్సరం నవంబరు 14న అమలులోకి తెచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, 18 ఏళ్లు నిండని బిడ్డపై లైంగిక నేరం జరిగినదని తెలిసిన ఏ వ్యక్తి అయినా పోలీసులకు తెలియజేయాలి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసే వ్యక్తి నేరాన్ని దాచిపెడితే ఏడాది వరకు జైలు, దానితోపాటు జరిమానా. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి చట్టమే రక్షణ ఇస్తుంది. అంటే, తలూపిన మరుక్షణమే మనం తప్పక తప్పవలసిన మాట ఇచ్చినవాళ్లమవుతాం. ఒకసారి నమ్మి మోసపోయిన బిడ్డకు రెండవసారి మోసం ఎదురవుతుంది. ఈసారి మోసగించినది మంచివాళ్లు. ఆ గాయం మానడం మరీ కష్టం.

మన కతోలికులలో మరో సందేహం రావచ్చు. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎవరికీ చెప్పరాదు కదా, మనకూ ఆ నియమం ఎందుకు వర్తించదు? ఆ ముద్ర ఆ సంస్కారానికి చెందినది, ఆ గురుపట్టానికి చెందినది. బల్ల మీద కూర్చొని పిల్లల మాట విన్న మనకు అది లేదు. అంతకంటే ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. సంకీర్తనంలో మనిషి తన పాపం చెప్పుకుంటాడు. ఈ బిడ్డ చెబుతున్నది తన పాపం కాదు, తన మీద మరొకరు చేసిన పాపం. బిడ్డకు మాత్రం అది తన తప్పే అనిపిస్తుంది. "నేను ఎందుకు వెళ్లాను, నేను ఎందుకు అరవలేదు" అని లోలోన కుమిలిపోతుంది. మనం ఆ మాటను సంకీర్తనంలా దాచిపెడితే, అది దాచవలసిన తప్పేనని ఆమె అనుమానానికి మనమే సాక్ష్యం చెప్పినట్లవుతుంది.

మరి ఏమని చెప్పాలి? నిజం చెప్పాలి, ముందే చెప్పాలి, మెత్తగా చెప్పాలి. "అమ్మా, ఎవరికీ చెప్పనని నేను మాట ఇవ్వలేను. ఎవరైనా నిన్ను బాధపెడుతుంటే దానిని ఆపగలిగినవారికి నేను చెప్పవలసి ఉంటుంది. కాని నీకు తెలియకుండా చెప్పను. ఊరందరికీ చెప్పను. నిన్ను వదిలిపెట్టను." ఈ మూడు మాటలు మనం నిలుపుకోగలం. బిడ్డ మాట్లాడకుండా వెళ్లిపోవచ్చు. తొందరలేదు, తలుపు తెరిచి ఉంచుదాం. అనుమానం బలంగా ఉంటే పిల్లల హెల్ప్‌లైను 1098కి మనమే ఫోను చేసి సలహా అడగవచ్చు. 1996లో ముంబైలో మొదలైన ఈ సేవను ఇప్పుడు ప్రభుత్వమే, 112 అత్యవసర నంబరుతో కలిపి నడుపుతున్నది. బిడ్డ ఇష్టానికి ఇక్కడ ఎంతో విలువ ఉన్నది. అయితే ఆ ఇష్టం చెప్పాలా వద్దా అన్నదానిలో కాదు. ఎలా చెప్పాలి, ఎవరు పక్కన ఉండాలి, ఏ ఇంట్లో కూర్చొని మాట్లాడాలి, ఏ అక్కయ్య తోడు రావాలి అన్నదానిలో ఆ బిడ్డ మాటే నెగ్గాలి.

ఇక్కడ పెద్దలు ఒక సామెత తీస్తారు. "ఇంటి గుట్టు లంకకు చేటు" అంటారు. తరతరాలుగా మన ఇళ్లలో ఎన్నో నోళ్లు మూయించిన సామెత ఇది. కాని ఒక్క నిమిషం ఆలోచించండి. లంక చెడిపోయినది గుట్టు చెప్పినందుకా, లోపల జరిగిన తప్పుకా? తప్పును సరిదిద్దుకోమని ఇంటివాడే చెప్పినప్పుడు విని ఉంటే ఆ గుట్టు బయటకు పోయేదా? పరాయి స్త్రీని చెరబట్టి తెచ్చినది ఒకరైతే, చెడ్డపేరు మాత్రం నోరు విప్పినవానికి మిగిలినది. మన ఇళ్లలోనూ అదే జరుగుతున్నది. బాబాయి చేసిన పనికి ఇంటి పరువు పోలేదు, బిడ్డ చెప్పినందుకు పోయినదట! పరువు అనేది నిజంగా ఇంటికి ఉంటే, ఆ ఇంట్లో అందరికన్నా చిన్నది నిర్భయంగా నిద్రపోగలగడమే ఆ పరువు.

అయితే గుట్టు అంతా చెడ్డదని నా అభిప్రాయం కాదు. దాచిపెట్టడం వేరు, కాపాడడం వేరు. నేరాన్ని దాచిపెడితే నేరస్తునికి మేలు. బిడ్డ పేరును, ముఖాన్ని, బడిని, వీధిని కాపాడితే బిడ్డకు మేలు. అందుకే అదే పోక్సో చట్టం ఒకవైపు చెప్పి తీరాలంటూనే, మరోవైపు 23వ సెక్షనులో బిడ్డను గుర్తుపట్టే వివరాలేవీ పత్రికలు ప్రచురించరాదని కట్టడి చేసింది. మనం ఈ రెండింటినీ తలకిందులు చేస్తాం. పోలీసులకు చెప్పడానికి భయపడతాం, పూజ అయ్యాక గుడి మెట్ల మీద నలుగురికి చెబుతాం. "ఫలానా వారి అమ్మాయి కోసం ప్రార్థించండి, పాపం ఏం జరిగిందో తెలుసా" అని ప్రార్థన పేరుతోనే విషయం ఊరంతా పాకుతుంది. తెలియవలసినవారికి తెలియజేయడం ధర్మం. తెలియనక్కరలేనివారికి చెప్పడం, ఎంత భక్తిగా చెప్పినా, చాడీయే.

ఇక మనం చేయగల సేవ ఏమిటి? ఫిర్యాదు ఇచ్చిన రోజుతో కథ ముగియదు, అప్పుడే మొదలవుతుంది. పోలీసులు 24 గంటలలో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. వైద్య పరీక్ష ఉంటుంది, మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఉంటుంది, తర్వాత విచారణ. కోర్టు కేసు చేపట్టిన 30 రోజులలో బిడ్డ సాక్ష్యం నమోదు కావాలనీ, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగియాలనీ చట్టం అంటుంది. ఆచరణలో అనేక కేసులు అంతకు మించి సాగుతాయి. ఈ దారి పొడుగునా కూలి మానుకొని తిరిగే తల్లి, ఎవరితోనూ మాట్లాడలేక గోడకేసి చూస్తూ కూర్చునే తండ్రి, ఇంట్లో ఏం జరుగుతున్నదో అర్థంకాని తమ్ముడు ఉంటారు. మొదటి వారం అందరూ వస్తారు. ఆరవ నెలలో తలుపు తట్టేవాడే నిజమైన పొరుగువాడు.

అతడు చేయవలసినవి చిన్న పనులే. కోర్టు వాయిదా రోజున ఆటో మాట్లాడడం. తల్లి తిరిగి వచ్చేదాకా చిన్నపిల్లలకు అన్నం పెట్టడం. బిడ్డ బడి మానకుండా చూడడం, తప్పిన పాఠాలు చెప్పించడం. ఆసుపత్రి వరండాలో మాటలు లేకుండా పక్కన కూర్చోవడం. కాగితాలను తారీకుల వరుసలో ఒక సంచిలో భద్రపరచడం. వీటితోపాటు చట్టం ఇచ్చిన హక్కులు తెలిసి ఉండడం కూడా గొప్ప సేవే. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి వద్దనే, లేక బిడ్డ కోరిన చోట, వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ. స్థాయికి తగ్గని అధికారి యూనిఫారం లేకుండా వచ్చి తీసుకోవాలి. బిడ్డను రాత్రిపూట స్టేషనులో ఉంచరాదు. ఆడపిల్లను పరీక్షించేది మహిళా డాక్టరే అయి ఉండాలి. చికిత్సకు ముందు పోలీసు కాగితమో కోర్టు కాగితమో తెమ్మని ఆసుపత్రి అడగరాదు. కోర్టులో లాయరు నేరుగా బిడ్డను గద్దించరాదు, ప్రశ్నలు న్యాయమూర్తి ద్వారానే రావాలి. నిందితుడు బిడ్డ కంటపడకుండా తెరో, అద్దమో, వీడియోనో ఏర్పాటు చేయాలి. ఈ సంగతులు తెలియని తల్లి ప్రతి గడపలోనూ భయపడుతుంది. తెలిసిన మనిషి ఒకరు పక్కనుంటే ఆమె వెన్ను నిటారవుతుంది.

చట్టమే అలాంటి తోడును ఊహించింది. 2020 పోక్సో నియమాల ప్రకారం, బిడ్డ, తల్లిదండ్రుల సమ్మతితో బాలల సంక్షేమ కమిటీ ఒక సహాయక వ్యక్తిని నియమించవచ్చు. విచారణ నడక ఎలా ఉన్నదో కుటుంబానికి ఎప్పటికప్పుడు తెలియజేయడం, బిడ్డ భయాలను అధికారుల చెవిన వేయడం, తెలిసిన ప్రతి వివరాన్ని గోప్యంగా ఉంచడం ఆ వ్యక్తి విధి. ఇలాంటి తోడు లభిస్తుందన్న విషయం ప్రతి కేసులోనూ తల్లిదండ్రులకు తెలియజేయాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇది శిక్షణ పొందినవారి పని. ఆసక్తి ఉన్నవారు జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని అడిగి తగిన శిక్షణ పొందాలి. హైదరాబాదులో 2016 నుండి పోలీసు శాఖ ఆధ్వర్యంలో నడుస్తున్న భరోసా కేంద్రం, జిల్లాలలోని సఖి కేంద్రాలు బాధితులకు వైద్యం, న్యాయ సలహా, కౌన్సెలింగు ఒకే చోట అందించే ప్రయత్నం చేస్తున్నాయి. వారి పనిని మనం చేయబోవడం కంటే, ఆ గుమ్మం దాకా కుటుంబాన్ని చేయిపట్టి నడిపించడమే మన పని.

ఇతర దేశాలలో సామాన్య పౌరులు ఇంకా దూరం నడిచారు. అమెరికాలోని సియాటిల్ నగరంలో డేవిడ్ సూకప్ అనే న్యాయమూర్తి, హింసకు, నిర్లక్ష్యానికి గురైన పిల్లల బతుకుపై తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడల్లా బిడ్డ పక్షాన తనకు తగినంత తెలియడం లేదని మథనపడేవారు. 1977లో ఆయన శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులను పిల్లల పక్షాన కోర్టులో మాట్లాడడానికి నియమించే పద్ధతి ప్రారంభించారు. అది ఆ దేశమంతటా పాకింది. దాని కిటుకు చాలా సాదాది. లాయర్లు, అధికారులు అనేక కేసులు చూస్తారు. ఈ సేవకుడు ఒక బిడ్డనో, ఒక తల్లి పిల్లలనో మాత్రమే చూస్తాడు. వందమందికి దుప్పట్లు పంచి ఫోటో దిగడం కన్నా, ఒక్క బిడ్డ పేరు రెండేళ్లు మరచిపోకుండా ఉండడం కష్టం. ఈ సేవ అటువంటిది.

చేయకూడని పనులు కూడా చెప్పుకోవాలి. మొదటిది, కూపీ లాగడం. "ఎక్కడ, ఎప్పుడు, ఎలా, మళ్లీ చెప్పు" అని మనం తరచి తరచి అడగరాదు. ప్రతిసారీ బిడ్డ ఆ గదిలోకి తిరిగి వెళ్లివస్తుంది. పైగా మన ప్రశ్నల వల్ల బిడ్డ మాటలు మారిపోయి, కోర్టులో ఎదుటి పక్షానికి ఆయుధం కావచ్చు. బిడ్డ చెప్పినంత వినడం, "నువ్వు చెప్పడం మంచిదైంది, ఇది నీ తప్పు కాదు" అనడం, విన్న మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టుకోవడం, అంతే. రెండవది, తీర్పు చెప్పడం. నిందితుని మీద మనం దండెత్తరాదు, వాట్సాపులో అతని ఫోటో తిప్పరాదు. నేరం నిరూపించేది కోర్టు. మనం బిడ్డను నమ్మి అండగా నిలవడానికి గుంపుగా మారనక్కరలేదు.

మూడవది, రాజీ. ఇది మన పల్లెలలో పెద్ద జబ్బు. పెద్దమనుషులు కూర్చొని ఇంత డబ్బు ఇప్పించి కాగితం రాయిస్తారు. మరీ ఘోరంగా, చేసినవాడికే ఆ పిల్లనిచ్చి పెళ్లి చేద్దామంటారు. బిడ్డ ఒంటికి వెల కట్టే అధికారం ఏ పంచాయతీకీ లేదు. విశ్వాసుల మధ్య ఇదే రాజీ క్షమ అనే ముసుగు వేసుకొని వస్తుంది. "ప్రభువు క్షమించమన్నాడు కదమ్మా, కేసు వాపసు తీసుకో" అంటారు. క్షమ ఎంత గొప్పదో మనకు తెలుసు. అందుకే దానిని దుర్వినియోగం చేయరాదు. క్షమించవలసినది గాయపడినవారు, అదీ వారి మనసు సిద్ధమైనప్పుడు. ఆమె తరఫున మనం క్షమించడం పొరుగువాని సొమ్ముతో దానం చేయడం వంటిది. పైగా క్షమ న్యాయాన్ని రద్దుచేయదు. హృదయంలో ద్వేషం విడిచిపెట్టిన తల్లి కూడా కోర్టులో నిజం చెప్పవచ్చు, చెప్పాలి. మరో పది మంది బిడ్డలను కాపాడేది ఆమె సాక్ష్యమే.

అన్నిటికన్నా చిక్కైన సందర్భం, నిందితుడు ఇంటి యజమాని అయినప్పుడు. ఆ తల్లి ఎదుట రెండు దారులే కనిపిస్తాయి. చెబితే పొయ్యి ఆరిపోతుంది, చెప్పకపోతే బిడ్డ ఆరిపోతుంది. ఆమె మౌనంగా ఉంటే మనం తేలికగా రాయి విసురుతాం. కాని ఆ మౌనానికి బియ్యం ధర ఎంతో లెక్కకట్టామా? అద్దె ఎంత, బడి ఫీజు ఎంత? ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. తిండి, బట్టలు, ప్రయాణం వంటి తక్షణ అవసరాలకు సాయం చేయమని బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేయవచ్చు. ఈ హక్కులు ఆమెకు చెప్పేవారు కావాలి. అవి చేతికందేలోగా విచారణలోని విన్సెంట్ డి పాల్ సభో, స్త్రీల సంఘమో ఆ ఇంటికి నెలకింత అని నిలకడగా అందించగలిగితే, ఆ తల్లికి నిజం చెప్పే స్తోమత వస్తుంది. "ధైర్యంగా ఉండమ్మా" అని ఉత్తచేతులతో చెప్పడం సులభం. ధైర్యానికి కూడా నాలుగు మెతుకులు కావాలి.

సేవకు వచ్చేవారు ఒక విషయంలో నొచ్చుకోరాదు. "మీ గురించి పోలీసు విచారణ చేయిస్తాం, మీరు ఏ బిడ్డతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండరాదు" అని అంటే, "మమ్మల్నే అనుమానిస్తారా" అని కోపం తెచ్చుకోరాదు. పిల్లలతో నిత్యం మెలగే సంస్థలు తమ సిబ్బంది పూర్వాపరాలను ఎప్పటికప్పుడు పరిశీలించాలని 2020 నియమాలు చెబుతున్నాయి. పిల్లలకు హాని తలపెట్టేవాడు వెతికేది పిల్లలు ఉండే చోటునే, నమ్మకం దొరికే వేషాన్నే. కావున మంచివాడు పరీక్షకు తానే ముందు నిలబడితే, చెడ్డవాడు దాక్కోవడానికి చోటు మిగలదు.

ఈ మాట మన శ్రీసభకు కూడా వర్తిస్తుంది. లోకంలోని అనేక దేశాలలో గురువుల చేతులలోనే పిల్లలు గాయపడ్డారనీ, కొన్నిచోట్ల పెద్దలు దానిని దాచిపెట్టారనీ మనం ఎరుగుదుము. 2018 ఆగస్టు 20న పోపు ఫ్రాన్సిస్ గారు దైవప్రజలందరికీ లేఖ రాసి సిగ్గుతో, పశ్చాత్తాపంతో దానిని ఒప్పుకున్నారు. 2019 మేలో ఆయన జారీచేసిన శాసనం ప్రకారం, ఫిర్యాదులు స్వీకరించే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలో ఉండాలి. తమకు తెలిసిన విషయాన్ని గురువులు, మఠవాసులు అధికారులకు తెలియజేయాలి. ఫిర్యాదు చేసినవారిపై మౌనం విధించరాదు. దేశ చట్టాలు కోరే బాధ్యతలకు ఇది అడ్డు కాదు. 2023లో ఆ శాసనాన్ని శాశ్వతం చేశారు. గుడి గుట్టు అయినా ఇంటి గుట్టు అయినా, బిడ్డ గోడు కన్నా పెద్దది కాదు.

చివరిగా, సేవచేసేవారి హద్దు. మంచి సమరయుని కథ మనకు కంఠతా వచ్చు. అతను ఏం చేశాడో మాత్రమే కాదు, ఏం చేయలేదో కూడా చూడండి. దెబ్బలు తిన్నవాణ్ణి "ఎందుకీ దారిన వచ్చావు" అని అడగలేదు. కథంతా చెప్పమనలేదు. గాయాలు కట్టి, తన పశువుపై ఎక్కించుకొని, సత్రానికి చేర్చాడు. ఆ తర్వాత అతనిని చూసుకునే పని సత్రపువానికి అప్పగించాడు, ఖర్చు ఇచ్చాడు, తిరిగి వస్తానన్నాడు. తానే వైద్యుడు, తానే సత్రం, తానే రక్షకుడు కాబోలేదు. గాయపడినవాడు జీవితాంతం తనకు రుణపడి ఉండాలని కోరలేదు. మన సేవ కొలత కూడా ఇదే. పిల్లల బాధ విని విని మనకూ నిద్ర పట్టని రోజులు వస్తాయి. అప్పుడు అనుభవజ్ఞులతో, బిడ్డ పేరు చెప్పకుండా, మన బరువు పంచుకోవాలి. కొన్నాళ్లు తప్పుకోవలసివస్తే ముందే చెప్పి, మరొకరికి అప్పగించి తప్పుకోవాలి. చెప్పకుండా మాయమైతే అదీ ఆ బిడ్డకు మరో విడిచిపెట్టడమే.

ప్రతి విచారణ ఈ వారమే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గుడి ప్రకటనల బోర్డు మీద, పిల్లల కళ్లకు అందే ఎత్తులో, 1098 నంబరు రాయించవచ్చు. సత్యోపదేశం చెప్పే ప్రతి ఒక్కరికీ ఒక పూట శిక్షణ ఇప్పించవచ్చు. ఇంటివద్ద తల్లిదండ్రులు పిల్లలకు ఒక్క వాక్యం నేర్పవచ్చు: "అమ్మకు చెప్పకూడదని ఎవరైనా అన్న సంగతే అమ్మకు మొదట చెప్పాలి." బిడ్డ చెప్పినప్పుడు కొట్టకుండా, కేక వేయకుండా వినడం మనం నేర్చుకోవాలి.

ఆ బిడ్డ మనకు కృతజ్ఞతలు చెబుతుందని ఎదురుచూడవద్దు. ఒకనాడు ఆమె పెద్దదై, మనలను వీధిలో చూసి పలకరించకుండా పక్కకు తిరిగిపోవచ్చు. మన ముఖం ఆమెకు ఆ చెడ్డరోజులనే గుర్తుచేయవచ్చు. నొచ్చుకోనక్కరలేదు. ఆమె తన స్నేహితురాళ్లతో నవ్వుతూ బడి సంచి ఊపుకుంటూ వెళ్లిపోతుంటే, మన అవసరం ఆమెకు తీరిపోయినట్లు. మన సేవ ఫలించినదనడానికి అదే గుర్తు.